ఆర్డీవో ఆఫీసులో అవ్వలకు, తాతలకు తోడు నిలిచినవాళ్లకు

హనుమకొండ, పరకాల, నర్సంపేట వైపు నుంచి పిల్లలు చూడట్లేదని పోషణ కేసులు వేసిన ముసలివాళ్ల వెంట నడిచిన అందరికీ మా బృందం తరఫున దండాలు. పేర్లు రాయొద్దని మీరే అన్నారు కాబట్టి మీరు చేసిన పనే రాస్తున్నాం. చదివినవాళ్లకూ అక్కరకొస్తుంది.

ముందు దండం దరఖాస్తులు రాసిపెట్టిన రిటైర్డ్ రెవెన్యూ ఉద్యోగులకు. 2007 నాటి తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం కింద ఈ కేసులు విని తీర్పు చెప్పే ట్రిబ్యునల్‌ను నడిపేది ఆర్డీవోనే. వకీలు లేకుండానే నడిచే కేసు ఇది, అందుకే కాగితం మీద ఏముందన్నదే అసలు సంగతి. చాలా దరఖాస్తుల్లో కోడలి మీద రెండు పేజీల శాపనార్థాలుంటాయి, నెలకు ఎంత కావాలో మాత్రం ఉండదు! వీళ్లు కిరాయి, బియ్యం, గ్యాస్, బీపీ షుగర్ గోళీలు, డైపర్లు విడివిడిగా లెక్కగట్టి ఒక్క పేజీలో కుదించారు. చట్టం పెట్టిన గరిష్ఠం నెలకు 10,000 రూపాయలు. పిల్లలందరినీ ప్రతివాదులుగా చూపించారు. ఒక్క కొడుకు మీదే వేస్తే "తమ్మునికి గూడ వాటా ఇచ్చిండు గదా, ఆయన్ని గూడ పిలువుండ్రి" అంటాడు. అట్లా అడిగే హక్కు చట్టమే ఇచ్చింది. మళ్లీ నోటీసు, మళ్లీ వాయిదా.

అడ్రసులు సంపాదించిన కాలేజీ పిలగాళ్లకు. తీర్పుకు పెట్టిన 90 రోజుల గడువు నోటీసు అందిన నాటి నుంచే మొదలవుతుంది. "తాళం వేసి ఉంది" అని నోటీసు వాపసొస్తే ఆ లెక్క మొదలే కాదు. ఇంటి నంబరుతో పాటు పనిచేసే చోటు కూడా రాయడం అందుకే. కొడుకు హైదరాబాద్‌లో ఉన్నా కేసు అక్కడికి పోయి వేయనక్కర్లేదు, పెద్దవాళ్లు ఉంటున్న చోటే వేయొచ్చు.

అన్నిటికంటే బరువైన పని చేసింది దస్తావేజులు చదివిపెట్టిన డాక్యుమెంట్ రైటర్. ఇల్లో పొలమో పిల్లల పేర రాసిచ్చాక వాళ్లు చూడకపోతే 23వ సెక్షన్ కింద ఆ దస్తావేజు చెల్లదని ట్రిబ్యునల్ ప్రకటించవచ్చు. కానీ "పోషిస్తామన్న షరతు మీద ఇచ్చాం" అని తేలాలి. 2022లో సుప్రీంకోర్టు ఆ షరతు రుజువు కావాల్సిందేనంది. 2025 జనవరిలో ఊర్మిళా దీక్షిత్ కేసులో మాత్రం, దానపత్రంతో పాటు కొడుకు విడిగా రాసిచ్చిన వాగ్దానపత్రాన్ని కూడా లెక్కలోకి తీసుకుని తల్లికి ఆస్తి వాపసు ఇప్పించింది. కాబట్టి గిఫ్టు డీడ్‌లో ఆ మాట లేదని చేతులు ఎత్తేయకుండా, పెద్దమనుషుల ఒప్పందాలు, పాత తెల్లకాగితాలు ట్రంకుపెట్టెల్లోంచి తీయించారు. ఇకమీదట రాసిచ్చేవాళ్లయితే తిండి, మందులు, ఉండే గది అని దస్తావేజులోనే స్పష్టంగా రాయించుకోవాలి. "ప్రేమానురాగాలతో ఇచ్చితిని" అన్న ఒక్క వాక్యాన్ని నమ్ముకుని కూర్చోవద్దు.

మెట్లెక్కలేని వాళ్లను చూసి విచారణను కిందికి మార్చిన సిబ్బందికి, చెవిటి తాత మాటను సైగల భాషలోంచి చెప్పిపెట్టిన టీచరమ్మకు ప్రత్యేకంగా. ఇది దయతో చేసే పని కాదు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 12వ సెక్షన్ ప్రకారం వాళ్లకు తెలిసిన పద్ధతిలోనే వాంగ్మూలం తీసుకోవాలి. ఈ సంగతి దరఖాస్తుతోనే రాసిస్తే విచారణ నాటికి ఏర్పాటు చేయడానికి వీలుంటుంది.

రాజీ రోజుల్లో పక్కన కూర్చున్నవాళ్లకు కూడా. "ఇగ మంచిగ చూసుకుంట" అన్న నోటిమాట మీద కేసు మూసేస్తే రేపు చూపించడానికి ఏమీ ఉండదు. ఎంత, ఏ తారీఖున, ఏ ఖాతాలో అన్నది రాయించి ఆర్డరుగా తీసుకున్నారు. డబ్బు చేతికి వద్దని, బ్యాంకులోనే వేయించాలని పట్టుబట్టింది కూడా వీళ్లే. పాసుబుక్కే సాక్ష్యం. ఒక నెల ఎగ్గొడితే ఆ బాకీ పడ్డ మూడు నెలల లోపే దాని వసూలుకు వారంటు కోసం ట్రిబ్యునల్‌ను అడగాలి, తర్వాత అడిగితే రాదు. "పండగకు ఇస్తడు తియ్" అనుకుంటూ ఆ గడువు పోగొట్టుకునేవాళ్లే ఎక్కువ.

సైగల భాష తెలిసినవాళ్లు నర్సంపేట వైపు ఇంకా కావాలి. కేసు దాకా పోకుండా ముందు సలహా కావాలనుకునే పెద్దలు వృద్ధుల హెల్ప్‌లైన్ 14567కు ఫోన్ చేయొచ్చు. పొద్దున 8 నుంచి రాత్రి 8 దాకా తెలుగులోనే మాట్లాడతారు.