మా చెల్లె పాటకు తోడు నిలిచిన మీ అందరికీ

హన్మకొండ, కాజీపేట, వరంగల్‌లో ఉన్న మా వాళ్లందరికీ, పేరు రాయొద్దని గట్టిగా చెప్పిన వాళ్లకు కూడా, నమస్కారాలు.

చెల్లెకు చెన్నైలో సీటు ఖాయమైంది. వెస్టర్న్ క్లాసికల్ వోకల్ కోర్సు, అంటే పాశ్చాత్య శాస్త్రీయ సంగీతంలో గాత్రం. ఫీజు మొదటి వాయిదా కట్టి, హాస్టల్‌లో దింపి, బాపు, నేను నిన్ననే ఇంటికి చేరాం. అప్పటి నుంచి షాపుకు ఫోన్ గ్లాసు మార్పించుకోవడానికి వచ్చినవాళ్లు కూడా మొదట అడిగేది చెల్లె గురించే. "ఏం కోర్సురా? ఒపేరానా? అంటే ఏంది?" డిస్‌ప్లే ఊడదీస్తూ ఒక్కొక్కరికీ చెప్పడం నా వల్ల కావట్లేదు. అందుకే కృతజ్ఞతలూ, ఆ జవాబూ కలిపి ఇక్కడే రాస్తున్నా. కొంచెం పొడుగైతది, ఓపిక పట్టండి.

చెల్లె గొంతు సంగతి మీకు కొత్త కాదు. హైస్కూల్లో ఉన్నప్పుడే కిందికి దిగిపోయింది. ఫోన్ ఎత్తితే అవతలి నుంచి "బాబూ, అమ్మకియ్యి" అనేవాళ్లు. ఒక పాటల పోటీలో జడ్జిగా కూర్చున్నాయన "ఆడపిల్లవు, ఈ మగ గొంతేందమ్మా, శ్రుతి పెంచుకో" అని మైకులోనే అన్నాడు. హాలంతా నవ్వింది. శ్రుతి పెంచుకుంది, పాట మధ్యలోనే గొంతు చీలిపోయింది. ఆ తర్వాత చాలాకాలం చర్చిలో కూడా పెదాలు కదపడమే తప్ప పాడింది లేదు.

అందుకే మొదటి దండం మా చర్చి క్వయర్ (పాటల బృందం) నడిపే సార్‌కు. కాజీపేటలో రైల్వే గార్డుగా చేసి రిటైరైన మనిషి. పెదాలు ఆడించేవాళ్లను ఆయన వీపు తిప్పుకుని కూడా పట్టుకుంటాడు. క్రిస్మస్ క్యారల్స్ ప్రాక్టీసులో చెల్లెను కీబోర్డు దగ్గరికి పిలిచి, ఒక్కో మెట్టు కిందికి నొక్కుకుంటూ పోయాడు. ఆల్టో, అంటే కింది స్థాయిలో పాడే అక్కలు ఆగిపోయే చోటు దాటినా చెల్లె హాయిగా దిగుతూనే ఉంది. సార్ ఆ చివరి మెట్టు మీద వేలు అట్లనే పెట్టి, "నీ గొంతుకు రోగమేం లేదు బిడ్డా, దీన్ని కాంట్రాల్టో అంటరు" అన్నాడు. ఆడవాళ్ల గొంతుల్లో అన్నిటికంటే కింది స్థాయి అది, చాలా అరుదు. ఆ రోజు ప్రాక్టీసు పక్కన పెట్టి, క్వయర్ పిల్లలందరినీ కూర్చోబెట్టి మరియన్ ఆండర్సన్ కథ చెప్పాడు. మా ఇంట్లో ఆ పేరు ఇప్పుడు సొంత మేనత్త పేరంత దగ్గరైంది కాబట్టి మీకూ చెప్పాలి.

అమెరికాలోని ఫిలడెల్ఫియాలో 1897లో పుట్టింది. నల్లజాతి కుటుంబం, తండ్రి బొగ్గు, ఐసు అమ్మేవాడు. ఆరేళ్లకే బాప్టిస్టు చర్చి పిల్లల క్వయర్‌లో చేరింది. క్వయర్‌లో ఎవరు రాకపోతే వాళ్ల భాగం తనే అందుకునేదట. పన్నెండేళ్లప్పుడు తండ్రి చనిపోయాడు. తల్లి ఇళ్లల్లో బట్టలు ఉతికి, నేల తుడిచి ముగ్గురు ఆడపిల్లలను సాదింది. మరియన్ ఊళ్లో ఉన్న సంగీత పాఠశాలకు దరఖాస్తు కోసం పోతే, నల్లవాళ్లను చేర్చుకోమని కిటికీలోంచే పంపించేశారు. అప్పుడు చర్చి జనం చందాలు వేసుకున్నారు. వాళ్లూ కూలీనాలీ చేసుకునేవాళ్లే. ఆ పైసలతోనే మంచి గురువు దగ్గర పాఠాలు మొదలయ్యాయి.

తర్వాతి సంగతంతా చరిత్రలో ఉంది. 1930లలో యూరప్ మొత్తం తిరిగి పాడింది. 1935లో సాల్జ్‌బర్గ్‌లో ఆమె పాట విన్న టొస్కనీని, ఆర్కెస్ట్రా (వాద్యబృందం) నడిపించే పెద్దాయన, ఇలాంటి గొంతు నూరేళ్లకు ఒక్కసారి వింటామన్నాడు. అంత పేరొచ్చాక కూడా 1939లో వాషింగ్టన్‌లోని కాన్‌స్టిట్యూషన్ హాల్ ఆమెకు ఇవ్వలేదు, రంగు కారణం. అధ్యక్షుడి భార్య ఎలినార్ రూజ్‌వెల్ట్ ఆ హాలు నడిపే సంఘానికి రాజీనామా చేసింది. ఆ ఏప్రిల్ 9న, ఈస్టర్ ఆదివారం, లింకన్ మెమోరియల్ మెట్ల మీద నిలబడి పాడింది మరియన్. ఎదురుగా 75 వేల మంది, రేడియోల ముందు లక్షల మంది. ఆ రోజు పాటల్లో షూబర్ట్ స్వరపరిచిన 'అవే మరియా' అనే మరియమ్మ ప్రార్థన పాట కూడా ఉంది. చెల్లె ఫోన్లో ఆ రికార్డింగు ఎన్నిసార్లు తిరిగిందో దేవుడికే తెలుసు.

ఒపేరా తలుపు మాత్రం ఆమెకు చాలా ఆలస్యంగా తెరుచుకుంది. న్యూయార్క్ మెట్రోపాలిటన్ ఒపేరాలో నల్లజాతి గాయని ముఖ్య పాత్ర పాడటం అదే మొదటిసారి: 1955 జనవరి 7న, వెర్డి స్వరపరిచిన 'ఉన్ బాల్లో ఇన్ మాస్కెరా' అనే ఒపేరాలో సోదె చెప్పే ఉల్రికా వేషం. అప్పటికి ఆమెకు 57 ఏళ్లు. నా మటుకు నాకు ఇక్కడ సంతోషం కంటే కోపమే ఎక్కువ. గొంతు నిండు వయసులో ఉన్న ఇరవై ముప్పై ఏళ్లు ఏ వేషం వేయకుండానే పోయాయి కదా. 1957లో మన దేశానికి కూడా వచ్చి వెళ్లింది. 1993లో, 96 ఏళ్ల వయసులో పోయింది.

మా అమ్మకు ఇవేవీ పట్టలేదు. ఆమెకు నచ్చింది ఒక్కటే. పాటల మీద నాలుగు పైసలు నిలకడగా రాగానే మరియన్ తన తల్లి పనిచేసే దుకాణానికి ఫోన్ చేసి, "మా అమ్మ ఇక పనికి రాదు" అని చెప్పేసిందట. మా అమ్మ బడిలో మధ్యాహ్న భోజనం వండుతుంది. "ఆ ఫోన్ మా హెడ్‌మాస్టర్‌కు ఎప్పుడొస్తదో అడుగు" అని చెల్లెను ఇప్పటికీ ఆట పట్టిస్తుంది.

ఇక ఒపేరా అంటే ఏందన్న ప్రశ్న. కథంతా పాటతోనే నడిచే నాటకం. వేషాలుంటాయి, కింద ఆర్కెస్ట్రా ఉంటుంది, మాట్లాడాల్సిందంతా పాడతారు. ఇటలీలో 1600 ప్రాంతంలో పుట్టింది. మన దగ్గర చిందు యక్షగానం చూసినవాళ్లకు ఇంతకంటే చెప్పక్కర్లేదు. జనగామ జిల్లా గడ్డం సమ్మయ్య గారికి 2024లో పద్మశ్రీ వచ్చింది ఆ కళకే. మద్దెల, తాళం, హార్మోనియం పెట్టుకుని రాత్రంతా కథ నడిపిస్తారు. మా వాడలోనూ ఒక చిందు తాత ఉన్నాడు. పళ్లన్నీ రాలిపోయాయి గానీ, పిలిస్తే వాడ చివరి ఇంట్లో వాళ్లు కూడా బయటికి వస్తారు.

ఆ తాతకు నేను ఏమిచ్చుకున్నా తక్కువే. ఒపేరాలో మైకు ఉండదు. మెట్రోపాలిటన్ హాల్లో 3,800 దాకా సీట్లుంటాయి, ముందు ఆర్కెస్ట్రా మోగుతుంటే దాన్ని దాటుకుని గొంతు వెనక వరుస దాకా పోవాలి. చెల్లెకు అదే భయం. తాత పొద్దున్నే గ్రౌండుకు రమ్మన్నాడు. తను ఈ చివర వేపచెట్టు కింద కుర్చీ వేసుకుని, చెల్లెను ఆ చివర నిలబెట్టి పాడమన్నాడు. మాట స్పష్టంగా వినబడకపోతే చేతికర్ర పైకెత్తుతాడు. మొదట్లో కర్ర కిందికి దిగిందే లేదు. "అరవకు బిడ్డా, బొడ్డు కాడి నుంచి తియ్యి. మైకు పట్టుకుంటె గొంతు సోమరిదైతది" అనేవాడు. సార్ అదే విషయాన్ని ఇంకో తీరుగా చెప్పాడు. ఆర్కెస్ట్రా బలమంతా 500 హెర్ట్జ్ (స్వరం ఎంత పైన ఉందో చెప్పే కొలత) దగ్గర ఎక్కువగా ఉంటుంది, అక్కడి నుంచి పైకి పోయేకొద్దీ తగ్గుతుంది. సాధన చేసిన గొంతు 3,000 హెర్ట్జ్ చుట్టుపక్కల ఒక గట్టి మెరుపు పుట్టిస్తుంది. ఆర్కెస్ట్రా పలచబడే చోటే గొంతు బలంగా ఉంటుంది కాబట్టి చెవికి చేరుతుంది. సుండ్‌బెర్గ్ అనే స్వీడన్ శాస్త్రవేత్త దీన్ని కొలిచి వివరించాడు. తాతకు ఇది చెబితే, "ఆయన ఏ ఊరి మేళంల పాడిండు?" అని అడిగాడు.

పైసల దగ్గరికి వద్దాం. మా స్త్రీల సమాజం అక్కలు, పెద్దమ్మలు ప్రతి పూట అన్నం వండే ముందు పిడికెడు బియ్యం తీసి పక్కన డబ్బాలో వేస్తారు, ఆదివారం తెచ్చి చర్చి సంచిలో పోస్తారు. ఈసారి ఆ బియ్యం చెల్లె ఫీజుకని పాస్టరమ్మగారు ప్రకటించారు. కానీ ఆ సంచిలో సన్నబియ్యం, రేషన్ బియ్యం, ఉప్పుడు బియ్యం అన్నీ కలిసిపోయి ఉంటాయి, వండితే ఒకటి ఉడికి ఒకటి పలుకు. ఎవరు కొంటారు? చౌరస్తా దగ్గర టిఫిన్ సెంటర్ అన్న వచ్చి, చెయ్యి పెట్టి చూసి, "దోసె పిండికి అన్నీ ఒకటే" అని సన్నబియ్యం రేటే కట్టి ఎత్తుకుపోయాడు. ఆయన చర్చికి వచ్చేవాడు కాదు, ప్రతి ఏడూ మాల వేసుకునే మనిషి. ఆ దోసెలు తిన్నవాళ్లందరికీ కూడా ఈ పోస్టులో వాటా ఉంది.

మండిబజార్ చాచా ఆడిషన్‌కు నల్ల గౌను కుట్టాడు. ఫోన్లో ఫొటో చూపిస్తే రెండు వేళ్లతో పెద్దది చేసి కుట్లు లెక్కపెట్టాడు. ఊపిరి తీసినప్పుడు పక్కటెముకలు విచ్చుకుంటాయని చెల్లె చెబితే, ఊపిరి నిండా పట్టమని అప్పుడు కొలత తీసుకున్నాడు. కూలి అడిగితే, "అక్కడ ఎవరైనా మెచ్చుకుంటే దుకాణం పేరు చెప్పు" అన్నాడు.

ఆడిషన్ దగ్గరపడ్డాక చెల్లెకు జలుబు చేసి గొంతు పూర్తిగా పోయింది. ఇంట్లో ఒకటే టెన్షన్. హన్మకొండలో ఒక ఈఎన్‌టీ డాక్టరమ్మ, ఓపీ అయిపోయాక కూడా కూర్చుని, ముక్కులోంచి సన్నని కెమెరా వేసి స్వరతంత్రులను తెర మీద చూపించింది. కాయల్లాంటి గడ్డలేవీ లేవు, వాపు మాత్రమే అని తేల్చింది. మాట బంద్, గుసగుసగా కూడా మాట్లాడొద్దు, దానివల్ల గొంతుకు ఇంకా శ్రమ అంది. ఆవిరి, మంచినీళ్లు, విశ్రాంతి. చెల్లె పలక పట్టుకు తిరిగింది. మేడమ్, మీరు ఫీజు తీసుకోలేదు, పైగా సీటు వస్తే మెసేజ్ పెట్టమన్నారు. వచ్చింది మేడమ్.

ఆడిషన్ గురించి చెప్పడానికి పెద్దగా లేదు, నన్ను లోపలికి రానివ్వలేదు. ఒక ఇటాలియన్ పాట, ఒక తెలుగు కీర్తన పాడిందట. ఆపేసి, ఇంకా కిందికి పాడగలవా అని అడిగారట. నవ్వు ఆపుకోలేకపోయా అంది బయటికి వచ్చి.

ముందున్నది సులువని మీలో ఎవరూ అనుకోవద్దు. ఇలాంటి కింది గొంతు నిండుగా ముదరడానికి ముప్పై ఏళ్లు దాటాలంటారు. వేషాలు కూడా కథానాయికవి తక్కువ; తల్లి, మంత్రగత్తె, ఒక్కోసారి మగవేషం. మన దేశంలో ఒపేరా వేదికలే వేళ్ల మీద లెక్కపెట్టేన్ని. ముంబైలో 1911లో మొదలైన రాయల్ ఒపేరా హౌస్ 1993లో మూతపడి, 2016లో గానీ మళ్లీ తెరుచుకోలేదు. ఆ రోజు పాడింది ముంబైలోనే పుట్టి, లండన్‌లో పేరు తెచ్చుకున్న సొప్రానో (ఆడవాళ్లలో పై స్థాయి గొంతు) పాట్రీషియా రొజారియో. చదువు అయ్యాక పిల్లలకు పాఠాలు చెప్పుకునైనా బతుకుతా అంటుంది చెల్లె. బాపుకు ఆ మాటతోనే నిద్ర పట్టింది.

లెక్కలు రాసిన నోటుబుక్కు చర్చి ఆఫీసులో ఉంది, ఎవరైనా చూడొచ్చు. మిగిలింది రెండో వాయిదాకు పక్కన పెట్టాం. చెల్లె తీసుకుపోయిన పాస్టర్ అయ్యగారి ట్రంకు పెట్టెను క్రిస్మస్‌కు వచ్చినప్పుడు తెస్తుంది, అప్పుడు క్వయర్‌లో పాడుతుంది కూడా. మూడో గల్లీ పెద్దమ్మా, సకినాలు రైల్లోనే అయిపోయాయి, ఒప్పుకుంటున్నా, సగం తిన్నది బాపే. నీ స్టీలు డబ్బా మాత్రం నా షాపులో భద్రంగా ఉంది. మూత కూడా ఉంది. ఆదివారం తెచ్చిస్తా.