కాటా కింద నలుపు

తిరుపతి,
ఆదివారం రాత్రి

ఒరే మామా,

నీ ఉత్తరం అందింది. టెక్సస్‌లో గ్యారేజీలో కూర్చుని తూటాలు నింపుకుంటున్నావని చదివి మా ఆవిడ ఒకటే నవ్వు, 'దీపావళి టపాసుకే చెవులు మూసుకునే మనిషి కదా' అని. ఇక్కడైతే 1959 ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేనిదే ఆ పని ముట్టకూడదు. సరే, నీ సరదా నీది. కానీ ఆన్‌లైన్‌లో కొన్న బుల్లి కాటాతో తూటాల్లో పోసే మందు తూస్తున్నానన్నావే, అక్కడ పట్టుకుంది నాకు టెన్షన్. ఇరవై ఏళ్లుగా గాంధీ రోడ్డులో బంగారం తూస్తున్నవాణ్ణి, నా మాట విను.

నువ్వు మందు తూచే గ్రెయిన్ లెక్క మాకు కొత్త కాదు. పాత తులం సరిగ్గా 180 గ్రెయిన్లు. తాత తూచిన గురివింద గింజలైతే తులానికి 96, అంటే గింజ రెండు గ్రెయిన్లకు కాస్త తక్కువ. గ్రెయిన్ అంటే 64.8 మిల్లీగ్రాములు. నీ కాటా 0.01 గ్రాము దాకా చూపిస్తుందన్నావు. అంటే ఒక్కో మెట్టు 0.15 గ్రెయిన్! ఏ తూటాకు ఎంత మందో చెప్పే లోడింగ్ పుస్తకాల్లో లెక్క 0.1 గ్రెయిన్‌లో ఉంటుంది కదా, ఆ తేడా దానికి కనబడనే కనబడదు. ఐదు గ్రెయిన్లు పోసే పిస్తోలు తూటాలో ఆ ఒక్క మెట్టే మూడు శాతం. కొండ మీద తులాభారంలో కిలో అటూ ఇటూ అయితే స్వామి సర్దుకుంటాడు. మందు సర్దుకోదు.

మంచి కాటా కొన్నా నిశ్చింత లేదులే. పోయిన ఎండాకాలం ఒకావిడ గొలుసు రెండుసార్లు పెడితే రెండు తూకాలు వచ్చాయి. ఆమె కేకలకు వీధి వీధంతా తొంగి చూసింది. తీరా చూస్తే మా కుర్రాడు కాటా గాజు తలుపు వేయకుండా టేబుల్ ఫ్యాను ఇటు తిప్పి పెట్టాడు! గురివింద తన కింది నలుపు ఎరగదన్నట్టు, కాటాకూ తన తప్పు తెలియదు. అంకె మాత్రం ధీమాగా చూపిస్తుంది.

అందుకని ఫ్యాను ఆపు, బల్ల వాలకుండా చూసుకో, కాటాను ఆన్ చేసి కాసేపు వేడెక్కనివ్వు. కూర్చునే ముందొకసారి, లేచే ముందొకసారి తూకపు రాయితో పరీక్షించు. మందును చిటికెడు చిటికెడు జారిస్తే కొన్ని ఎలక్ట్రానిక్ కాటాలు ఆ మార్పును పట్టించుకోవు. పళ్లెం ఎత్తి మళ్లీ పెట్టి చూడు.

పిడి తిప్పితే మందు పోసే కొలత యంత్రం కొన్నానన్నావు. అది మన అమ్మల సోల లాంటిదిరా, నిండుదనం చూస్తుంది గానీ బరువు చూడదు. గుండ్రటి రేణువుల మందు సాఫీగా పడుతుంది. సన్నటి పుల్లల్లాంటిదైతే అడ్డం పడి ఒకసారి ఎక్కువ, ఒకసారి తక్కువ. మధ్యమధ్యలో తూచు. బుల్లెట్ పెట్టేముందు టార్చి వేసి కేసులన్నిట్లోకీ, అదే తూటా డొల్లల్లోకి, చూడు. ఒక దాంట్లో రెండుసార్లు పడిందంటే తుపాకే పేలిపోవచ్చు, అసలు పడకపోతే బుల్లెట్ తుపాకి గొట్టంలో ఇరుక్కుపోవచ్చు. ఫోను మోగితే ఎత్తకు, నాదైనా సరే.

మీ అన్న వచ్చే నెల వస్తున్నాడటగా, ఒక గ్రాము తూకపు రాయి పంపిస్తా. నీ కొత్త కాటా మీద 15.4 గ్రెయిన్లు చూపించాలి. చేత్తో ముట్టుకోకు, చిమటాతో పట్టుకో. చెమట కూడా తూకానికొస్తుంది.

నీ
మామ