ముగ్గురాయి డంపులను శుద్ధి చేయండి, నీళ్ల లెక్క ముందే చెప్పండి

సంపాదకులకు,

మా రైల్వే కోడూరు దగ్గరి మంగంపేట గనిలో దొరికే ముగ్గురాయి (బెరైటీస్) గురించి వార్త వస్తే మేలురకమైన 'ఏ' గ్రేడు ధర, టెండరు, ఎగుమతి, అంతే. దాంతోపాటే గనిలోంచి బయటికొచ్చి డంపులుగా (గుట్టలుగా) పడి ఉండే సీ, డీ, డబ్ల్యూ అనే నాసిరకం గ్రేడుల రాయి ఊసు మాత్రం తక్కువ. చమురు బావులు తవ్వేవాళ్లకు స్పెసిఫిక్ గ్రావిటీ (నీటికంటే ఎన్ని రెట్లు బరువో చెప్పే లెక్క) 4.2, తక్కువలో తక్కువ 4.1 ఉన్న ముగ్గురాయి పొడి కావాలి, ఈ నాసిరకం రాయిలో సిలికా కలిసి ఉండటం వల్ల అంత బరువు తూగదు.

ఆ సిలికాను వేరుచేయడానికి ఫ్రాత్ ఫ్లోటేషన్ (నురుగుతో తేల్చడం) అనే పద్ధతి ఉంది. రాయిని మెత్తగా నూరి నీళ్లలో కలిపి, ఓలియిక్ ఆమ్లం లాంటి రసాయనం వేస్తే అది ముగ్గురాయి రేణువులకే పట్టుకుంటుంది, వాటికి ఇక తడి అంటదు. సోడియం సిలికేట్ వేసి సిలికాను అడుగునే ఆపుతారు. కింద నుంచి గాలి ఊదితే, నీటికంటే నాలుగు రెట్లకు పైగా బరువున్న ముగ్గురాయి బుడగలను పట్టుకుని నురుగుతో పైకి తేలుతుంది! దాన్ని తీసి ఆరబెట్టుకోవడమే. నూరే ఖర్చు ఎక్కువంటారు గానీ, డ్రిల్లింగు పొడిని ఎలాగూ 75 మైక్రాన్లకంటే సన్నగా నూరాల్సిందే కదా, ఆ ఖర్చులో చాలావరకు ఎటూ తప్పదు. అయితే పొడికి అంటుకున్న రసాయనం పోయేలా వేడి చేయాలి, లేకపోతే డ్రిల్లింగు బురదలో (బావి తవ్వేటప్పుడు ఈ పొడి కలిపి వాడే ద్రవంలో) నురగలు వస్తాయి. ఈ ఖర్చును కూడా మొదటే లెక్కలో వేసుకోవాలి.

డంపుల్లోని రాయికి విలువ వస్తే చుట్టుపక్కల పల్వరైజింగ్ (రాయిని పొడిచేసే) మిల్లులకు, వాటిలో కూలి చేసేవాళ్లకు పని దొరుకుతుంది. అందుకే గనిని నడిపే ప్రభుత్వ సంస్థ ఏపీఎండీసీ (ఆంధ్రప్రదేశ్ ఖనిజాభివృద్ధి సంస్థ) ఈ శుద్ధి పని చేయాలని గట్టిగా అడుగుతున్నా.

కానీ నీళ్ల సంగతి తేల్చకుండా మాత్రం వద్దు. కోడూరు చుట్టూ మామిడి, అరటి, బొప్పాయి తోటలు బోర్ల మీదే బతుకుతున్నాయి. ప్లాంటులో వాడిన నీళ్లను మళ్లీ మళ్లీ వాడాలి, కొత్త బోర్లు వేయకూడదు. మిగిలే బురదను నిలవ చేసే చెరువుకు అడుగున షీటు పరచాలి, కట్ట గట్టిగా ఉండాలి. 2021 నవంబరు వరదకు చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు కట్టే కొట్టుకుపోయిన ప్రాంతం మాది, ఇక్కడ బురద చెరువు కట్ట తెగితే తోటల గతేంటి?

ప్రాజెక్టు రిపోర్టు తయారైతే తెలుగులో పంచాయతీ ఆఫీసులో పెట్టండి. రోజుకు ఎన్ని నీళ్లు, ఎక్కణ్ణుంచి తెస్తారు అన్నది మొదటి పేజీలోనే ఉండాలి.

– ఒక పాఠకుడు, రైల్వే కోడూరు