వెంట్రుకలు లేని కుక్కను నడివేసవి ఎండలో వదిలేసినందుకు ఫిర్యాదు

హైదరాబాద్,
మే 27

మేనేజర్ గారికి,
పెంపుడు జంతువుల వసతి కేంద్రం

అయ్యా,

మే 18 నుంచి 24 వరకు మా మల్లిని మీ దగ్గర ఉంచాం. అది చైనీస్ క్రెస్టెడ్ జాతి ఆడకుక్క. తలమీద, పాదాల దగ్గర, తోకకు కుచ్చు తప్ప ఒంటిమీద వెంట్రుకలుండవు. అందుకే ‘ప్రత్యేక సంరక్షణ’ పేరిట ఆరు రోజులకు 1,800 రూపాయలు అదనంగా తీసుకున్నారు.

పొద్దెక్కాక ఎండలోకి తీసుకెళ్లవద్దని కాగితం మీద రాసిచ్చాను. కుక్కలకు వాడే సన్‌స్క్రీన్ సంచిలో పెట్టాను. మనుషుల క్రీము రాయవద్దని, అందులో జింక్ ఆక్సైడ్ ఉంటే నాకిన కుక్కకు విషమవుతుందని కూడా రాశాను.

24న వచ్చి చూస్తే మల్లి వీపంతా కమిలిపోయి ఉంది. భుజం మీద రూపాయి బిళ్లంత పొక్కు చితికి, చుట్టూ చర్మం ఉల్లిపొరలా లేస్తోంది. ఎత్తుకోబోతే మూలిగింది. నాలుగేళ్లలో నేను ముట్టుకుంటే అది మూలగడం అదే మొదటిసారి. మీ సిబ్బంది మాత్రం ‘ఈ జాతికి మొటిమలు మామూలే’ అన్నారు. మొటిమలు వస్తాయి, నిజమే. వాటిని వారం వారం కడిగి శుభ్రం చేసేది నేనే. ఇవి అవి కావు. ఎండకు కాలిన గాయాలేనని పశువైద్యురాలు రాసిచ్చారు. 21న మీరు పంపిన ఫొటోలో మల్లి బొచ్చుకుక్కల మధ్య డాబా మీద ఉంది. సమయం మధ్యాహ్నం 12:40. వెంటనే ఫోను చేస్తే ‘ఇప్పుడే లోపలికి తెస్తాం’ అన్నారు. సంచిలో తిరిగొచ్చిన సన్‌స్క్రీన్ సీసాకు సీలు అలాగే ఉంది.

తిండి సంగతీ అంతే. వెంట్రుకలు లేకుండా చేసే జన్యుమార్పే ఈ కుక్కలకు పళ్లనూ తగ్గిస్తుంది. మల్లికి దవడ పళ్లు చాలావరకు లేవు. డాగ్‌ఫుడ్ గింజల్ని గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి పెట్టమంటే గట్టిగా ఉన్నవి అలాగే పోశారు. 4.6 కిలోల కుక్క 400 గ్రాములు తగ్గి ఇంటికొచ్చింది.

ఆ 1,800 రూపాయలు, వైద్యానికైన 3,250 రూపాయలు తిరిగి ఇవ్వాలి. బిల్లులు, ఫొటో జతచేస్తున్నాను. ఎవరినీ ఉద్యోగంలోంచి తీసేయమని అడగడం లేదు. నేనిచ్చిన కాగితం ఎవరి చేతిలో ఆగిపోయిందో రాతపూర్వకంగా చెప్పండి. పదిహేను రోజుల్లో జవాబు రాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌ను ఆశ్రయిస్తాను.

ఇట్లు,
మల్లిని మీకు అప్పగించిన వినియోగదారు