ఎర్రగడ్డలు, సన్నమంట, నీ ఇరవై నిమిషాలు

కర్నూలు
ఆదివారం, మధ్యాహ్నం

ఏం మామా,

బాగున్నావా? నీ వాయిస్ మెసేజ్ విన్నాను. బర్గర్‌లో పెట్టిస్తారే, ముదురు రంగులో, మెత్తగా, తియ్యగా ఉండే ఎర్రగడ్డలు, అదే ఉల్లిపాయలు, అవి రూములో ఎట్లా చేసుకోవాలో చెప్పమన్నావు. ఫోన్లో చెప్తే సగం వింటావు, సగం గాలికి వదిలేస్తావు. అందుకే కూర్చుని రాస్తున్నాను. పైగా మా ఇంట్లో ఇప్పుడు ఎర్రగడ్డల మాట తప్ప ఇంకో మాట లేదు. కోడుమూరు పక్కన మా చిన్నాయన వాళ్ల పంట చేతికొచ్చింది. ఈ ధరకి యార్డుకు తోలితే బండి బాడుగ, హమాలీ కూలి కూడా గిట్టదని చుట్టాల ఇళ్లకు పంచేస్తున్నారు. మాకూ గోనెసంచులు దించిపోయారు. వరండాలో కాలు పెట్టేందుకు చోటు లేదు. మీ చెల్లెమ్మ నన్ను ఒక చూపు, సంచుల్ని ఒక చూపు చూస్తోంది.

ముందు నీ వీడియో సంగతి తేల్చేస్తాను. ఇరవై నిమిషాల్లో అయిపోతుందని అందులో చెప్పారన్నావు. అవ్వదు. కిలో గడ్డలకి తక్కువలో తక్కువ ముప్పావుగంట, మామూలుగా గంట. మన కర్నూలు గడ్డలైతే ఇంకో పది నిమిషాలు కలుపుకో. ఈ అబద్ధం వీడియోలు పుట్టించింది కూడా కాదు, వంట పుస్తకాల్లో ఎప్పటి నుంచో ఉంది. పైన "అరగంటలో భోజనం" అని రాసుకున్నాక, లోపల ఎర్రగడ్డలకే గంట అని ఎవరు రాస్తారు చెప్పు!

అంతసేపు ఎందుకంటే, నీళ్లు. ఎర్రగడ్డలో నూటికి 89 పాళ్లు నీళ్లే. బాణలిలో తడి ఉన్నంతసేపు గడ్డల వేడి 100 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది. నువ్వు మంట ఎంత పెంచినా ఆ వేడంతా నీళ్లను ఆవిరి చెయ్యడానికే పోతుంది. రంగు రావాలంటే అంతకంటే ఎక్కువ వేడి కావాలి. గడ్డలో ఉన్న చక్కెరల్లో ఫ్రక్టోజ్ 110 డిగ్రీల దగ్గర పాకం పట్టడం మొదలుపెడుతుంది, గ్లూకోజ్, సుక్రోజ్ 160 దాకా ఆగుతాయి. దాంతోపాటు ఇంకొకటి కూడా జరుగుతుంది. గడ్డలోని అమైనో ఆమ్లాలు, చక్కెరలు వేడికి కలిసి గోధుమరంగు, కొత్త వాసనలు పుట్టిస్తాయి. 1912లో మైయార్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త దీన్ని వివరించాడు కాబట్టి ఆయన పేరే పెట్టారు. జొన్నరొట్టె మీద పడే మచ్చలకు, వేపుడు మాంసం వాసనకు, కాఫీ గింజల కమ్మదనానికి కూడా కారణం అదే. బాణలిలో రెండూ జరుగుతాయి, ఎక్కువ పని మాత్రం మైయార్‌దే.

ఇక్కడే కొందరు ఓపిక లేక రెండు చెంచాల చక్కెర చల్లేస్తారు. నువ్వు ఆ పని చెయ్యకు. కిలో గడ్డల్లో 40 గ్రాములకు పైనే చక్కెర ఉంది, అంటే సుమారు పది చెంచాలు. కిలో కాస్తా పావుకిలో అయ్యేసరికి ఆ తీపంతా అందులోనే చిక్కబడుతుంది. బయటి చక్కెర వేస్తే రంగు తొందరగా వస్తుంది కానీ తినేటప్పుడు మిఠాయి కొట్టు గుర్తొస్తుంది.

ఇంకో సంగతి. మీ ఊరి సూపర్ మార్కెట్లో ఘాటు తక్కువున్న గడ్డలు వెతుక్కుంటూ తిరగకు. పచ్చిగా తింటే తియ్యగా అనిపించే గడ్డల్లో చక్కెర ఎక్కువ ఉంటుందని అనుకుంటాం. చాలావాటిలో ఎక్కువుండేది చక్కెర కాదు, నీళ్లు. తక్కువుండేది గంధకపు ఘాటు. ఆ ఘాటు ఎట్లాగూ పొయ్యి మీద పోతుంది. అందుకే కళ్లు మండించే గడ్డలే కడకు బాగా తియ్యగా అవుతాయి. వానాకాలం పంట కన్నా రబీ గడ్డలు నయం, గట్టిగా, ఆరిపోయి ఉంటాయి. మనవి ఎక్కువగా వానాకాలం పంట కాబట్టి నీళ్లు జాస్తి, నిల్వ తక్కువ. రైతు గొంతు పట్టుకునేది కూడా ఇదే. ఉంచుకుందామంటే కుళ్లిపోతాయి, అమ్ముదామంటే అందరివీ ఒకేసారి యార్డుకొచ్చి పడతాయి. 2025లో ధర పడిపోతే క్వింటాలుకు 1200 రూపాయలిచ్చి ప్రభుత్వమే కొనాల్సొచ్చింది, నీకు గుర్తుండే ఉంటుంది. కిలోకి పన్నెండు రూపాయలు. నీ బర్గర్‌లో ఆ నాలుగు పోగులకి ఎంత తీసుకుంటున్నారో లెక్కేసుకో.

కడప దిక్కు, మైదుకూరు వైపు పండే కేపీ ఉల్లి, అంటే కృష్ణాపురం ఉల్లి గురించి కూడా అడుగుతావని తెలుసు. చిన్నగా, మంచి ఘాటుగా ఉంటాయి, సింగపూర్, మలేషియాలకు ఎగుమతి అవుతాయి. రుచికి ఏం తక్కువ లేదు కానీ కిలో వలవాలంటే పొద్దు గడిచిపోతుంది. వద్దులే.

సరే, ఇక చేసే విధానం. అడుగు మందంగా, వెడల్పుగా ఉన్న బాణలి తీసుకో. నీ దగ్గర నాన్‌స్టిక్ పెనం ఒకటే ఉందంటే దాంతోనే కానివ్వు, కానీ స్టీలుదైతే మేలు. ఎందుకో తర్వాత చెప్తాను. గడ్డను కాడ నుంచి వేరు దాకా రెండు బద్దలు చేసి, అదే దిక్కున నిలువుగా 3 మిల్లీమీటర్ల మందం ముక్కలు కొయ్యి. చక్రాలుగా అడ్డంగా కోస్తే గంటసేపు ఉడికాక గుజ్జవుతాయి. నిలువుగా కోసినవి మెత్తబడినా పోగు పోగుగా నిలబడతాయి. మరీ సన్నగా కోసినా కష్టమే, కొన్ని మాడిపోతుంటే కొన్ని ఇంకా తెల్లగానే ఉంటాయి.

కళ్ల నీళ్ల మాటకొస్తే, గడ్డల్ని కోసే ముందు అరగంట ఫ్రిజ్‌లో పెట్టు, కత్తి పదును పెట్టుకో. కోసినప్పుడు గడ్డ కణాలు చితికి, విడివిడిగా ఉన్న పదార్థాలు, ఎంజైములు కలిసిపోయి కళ్లు మండించే ఆవిరి పుడుతుంది. చల్లగా ఉంటే ఆ ఎంజైములు మందగిస్తాయి, కత్తి పదునుగా ఉంటే చితికే కణాలు తగ్గుతాయి. ఈ కన్నీళ్లకు ప్రత్యేకంగా ఒక ఎంజైము ఉందని 2002లో జపాన్ వాళ్లు కనిపెట్టారు. 2013లో వాళ్లకు ఇగ్ నోబెల్ ఇచ్చారు. ముందు నవ్వించి తర్వాత ఆలోచింపజేసే పరిశోధనలకు ఇస్తారే, అది. మా అవ్వకు చెప్తే, "ఏడిపించినోళ్లకి బహుమానమా నాయనా" అంది.

కిలో గడ్డలకి మూడు టేబుల్ స్పూన్ల నూనె చాలు. మనింట్లో బుడ్డల (వేరుశనగ) నూనె, బాగుంటుంది. సగం నూనె, సగం నెయ్యి అయితే ఇంకా బాగుంటుంది. నూనె వేడెక్కాక గడ్డలన్నీ ఒకేసారి వేసెయ్, బాణలి నిండి బయటకి పొంగుతున్నట్టు కనిపించినా టెన్షన్ పడకు. అర టీస్పూను ఉప్పు ఇప్పుడే చల్లు, నీళ్లు తొందరగా బయటికొస్తాయి. మంట మధ్యలో పెట్టి, మూత వేసి పది నిమిషాలు మగ్గనివ్వు. మధ్యమధ్యలో ఒకసారి కిందామీదా చెయ్యి. మూత తీసేసరికి గుట్ట సగానికి దిగి, గడ్డలు అద్దంలా పారదర్శకంగా మారి, అడుగున నీళ్లు కనిపిస్తాయి.

ఇప్పుడు మూత తీసేసి ఆ నీళ్లు ఇగరనివ్వు. ఇక్కడ చెవులు పెట్టి విను మామా. నీళ్లున్నంతసేపు గలగలమని ఉడుకుతున్న చప్పుడు. నీళ్లు ఇగిరే కొద్దీ చప్పుడు సన్నబడి, ఒక దశలో సుయ్‌మని నూనె చప్పుడు మొదలవుతుంది. అది వినగానే మంట తగ్గించెయ్. అసలు వంట అప్పుడు మొదలవుతుంది. అప్పటిదాకా నువ్వు ఆ పక్కన చారు పెట్టుకోవచ్చు, బట్టలు మడతేసుకోవచ్చు. ఇక్కడి నుంచి మాత్రం వంటింట్లోనే ఉండాలి.

కాసేపటికి బాణలి అడుగున పల్చని గోధుమరంగు పొర కడుతుంది. చూస్తే మాడుతోందేమో అనిపిస్తుంది. అది మాడు కాదు. గడ్డల్లోంచి వచ్చిన చక్కెరలు, రసమూ అక్కడ ఎండి రంగు తిరుగుతున్నాయి, రుచంతా అందులోనే ఉంది. ఒక గరిటెడు నీళ్లు ఆ పొర మీద పొయ్యి. చుర్రుమంటుంది. చెక్క గరిటెతో గీకు. ఆ పొర కరిగి నీళ్లలో కలుస్తుంది, ఆ నీళ్లు ఇగిరేలోపల తెల్లపోగులు పీల్చేసుకుంటాయి. కళ్ల ముందే రంగు ఒక మెట్టు ముదురుతుంది. మళ్లీ రెండు మూడు నిమిషాలు కదపకుండా వదిలెయ్, మళ్లీ పొర కడుతుంది, మళ్లీ నీళ్లు పొయ్యి. ఇదే పని. ఎప్పుడూ కలుపుతూనే ఉంటే పొర కట్టదు, అసలు కలపకపోతే నల్లబడి చేదెక్కుతుంది. నాన్‌స్టిక్‌లో ఈ పొర సరిగ్గా కట్టదు, స్టీలుది మేలన్నది అందుకే.

రంగు లేత పసుపు, బంగారం దాటి కొత్త బెల్లం దాకా వచ్చినప్పుడు దించెయ్. ఇంకా ముదరనిస్తే చిరుచేదు వస్తుంది, కొంతమందికి అదే ఇష్టం. నాకు బెల్లం రంగు చాలు. వాసన కూడా చెప్తుంది. మొదట పచ్చివాసన, తర్వాత మనింట్లో తాలింపు వాసన, చివర్లో వీధిలో పోయేవాళ్లు తల తిప్పే వాసన. దించే ముందు నాలుగు చుక్కల నిమ్మరసం పిండు, తీపి నిలదొక్కుకుంటుంది.

ఇండక్షన్ స్టవ్ అయితే ఒక చిక్కుంది. చాలావాటిలో తక్కువ వేడి అంటే ఆగి ఆగి ఒకేసారి గట్టిగా వేడెక్కడమే. అడుగు మందంగా ఉంటే ఆ దెబ్బ గడ్డల దాకా పోదు. కుక్కర్లో పెడితే తొందరగా అవుతుందా అని అడుగుతావు, తెలుసు. మెత్తగా అవుతాయి, కానీ నీళ్లు బయటికి పోవు. తర్వాత మూత తీసి ఇగరబెట్టాల్సిందే. మిగిలే టైము పెద్దగా ఏం లేదు.

వంటసోడా చిట్కా ఒకటి తిరుగుతోంది. చిటికెడు వేస్తే మైయార్ పని వేగంగా సాగుతుంది, అందులో అబద్ధం లేదు. కానీ సోడా గడ్డ కణాల గోడల్ని కూడా కరిగిస్తుంది, పోగులు పోయి జామ్‌లా తయారవుతుంది. నేనైతే బర్గర్ కోసం వెయ్యను. కారంలోకి నూరాలంటే మాత్రం వేస్తాను, ఎట్లాగూ నూరేదే కదా. కిలోకి పావు టీస్పూను దాటకు, దాటితే సబ్బు రుచి.

బిరియాని మీద చల్లే వేయించిన ఉల్లి ఇదేనా అని కూడా అడిగావు. కాదు మామా. అది నిండా నూనెలో పెద్ద మంట మీద, పది పదిహేను నిమిషాల్లో నీళ్లన్నీ ఎగరగొట్టి కరకరలాడేట్టు వేయించేది. ఇక్కడ పాతబస్తీలో పెళ్లి వంటలు చేసేవాళ్ల చేతిలో చూడాలి దాన్ని. తియ్యదనం దానికీ ఉంటుంది, మెత్తదనం ఉండదు.

తినేది ఎట్లా అంటే, ఒక్క బర్గరే ఎందుకు? ఎండుమిరపకాయలు నానబెట్టి, తెల్లగడ్డలు, ఉప్పు, కొంచెం చింతపండు వేసి, ఈ గడ్డలతో నూరి దోశ మీద పుయ్యి. మన ఎర్రకారంలో పచ్చి గడ్డలు వేస్తాం కదా, వాటిలో సగం తీసి ఇవి వేసినా సరే. పచ్చిది కొంచెం ఉండాలి, పూర్తిగా తీసేస్తే కారానికి పొగరు పోతుంది. వేడి జొన్నరొట్టెలో చుట్టుకుంటే ఇంకేం అక్కర్లేదు. గడ్డపెరుగులో కలిపి, మిరియాలు చల్లి అన్నంలోకి కూడా తిన్నాను. ఆమ్లెట్‌లో అదిరిపోతుంది. ఉగ్గానిలో మాత్రం వెయ్యకు. ఉగ్గానికి కొరికితే కరకరమనే గడ్డ కావాలి, లేకపోతే బొరుగులతో పాటు అదీ మెత్తబడుతుంది. నాటుకోడి పులుసులోనూ వద్దు, తీపి తగిలితే పులుసు పాడు. ఎముకల రసం, రొట్టె, చీజ్ ఉంటే ఫ్రెంచి వాళ్లు చేసే ఎర్రగడ్డ సూప్ చేసుకోవచ్చు. ఆ సూప్‌కు ప్రాణమే ఇవి. నీ రూములో ఆ కష్టం ఎవరు పడతారులే.

ఒకేసారి ఎక్కువ చేసి పెట్టుకో. తడి లేని గాజు సీసాలో ఫ్రిజ్‌లో నాలుగైదు రోజులు ఉంటాయి. ఐస్ ట్రేలో గడులు గడులుగా గడ్డకట్టించి సంచిలో వేసుకుంటే మూడు నెలలు. ఊరగాయ అనుకుని పైన నూనె పోసి బయట మాత్రం పెట్టకు. ఆవకాయను కాపాడే పులుపూ, అంత ఉప్పూ దీంట్లో లేవు. గాలి తగలని నూనె కింద బొట్యులిజం అనే ప్రమాదకరమైన విషజబ్బు తెచ్చే బ్యాక్టీరియా పెరగొచ్చు, వాసనలో తేడా కూడా తెలియకపోవచ్చు. ఇది సరదాకి చెప్పే మాట కాదు.

నిన్న సి క్యాంపు రైతు బజారులో మీ అమ్మ కనిపించింది. మోకాళ్ల నొప్పి తగ్గిందంట, నడక బాగానే ఉంది. నువ్వు వారానికోసారి కూడా ఫోన్ చెయ్యడం లేదని నా ముందే తిట్టింది, నేను విని నవ్వేశాను. ఈ రాత్రికి ఫోన్ చెయ్యి. దసరాకి టికెట్ తీశావా లేదా అది కూడా ఆమెకే ముందు చెప్పు, నాకు తర్వాత చెప్పినా పర్లేదు.

ఉంటాను,
నీ మామ