గుండె పరికరం సొరుగులోకి ఎందుకు చేరుతుంది?

సంపాదకుడి గారికి,

నమస్కారం. ఫోనుతో, చేతి గడియారంతో గుండెను కనిపెట్టుకుని ఉండే పరికరాల గురించి మీ ఆరోగ్యం పేజీలో వచ్చిన వ్యాసం చదివాను. అవి ఏమేం చేయగలవో చక్కగా రాశారు. కొన్న మూడు నెలలకు అవి ఎక్కడ ఉంటాయో మాత్రం రాయలేదు. నాది ఎనిమిది నెలల పాటు మంచం పక్క సొరుగులో, పాత కళ్లజోడుకీ ఖాళీ మాత్రల అట్టలకీ మధ్య పడి ఉంది.

నాకు ఏట్రియల్ ఫిబ్రిలేషన్ ఉంది. అంటే గుండె పై గదులు లయ తప్పి వణుకుతాయి. అది వచ్చిపోతూ ఉంటుంది, డాక్టరు దగ్గరికి వెళ్లిన రోజున మాత్రం గుండె బుద్ధిగా కొట్టుకుంటుంది. ఈ జబ్బు ఉన్నవాళ్లకు గుండెలో రక్తం గడ్డకట్టి మెదడుకు చేరే ప్రమాదం ఉంది, పక్షవాతం ముప్పు సుమారు 5 రెట్లు ఎక్కువ. అందుకని రోజుకు రెండుసార్లు ఇంట్లోనే ఈసీజీ తీసుకోమని ఓ చిన్న పరికరం కొనిపించారు. రెండు రేకుల మీద వేళ్లు ఆనించి 30 సెకన్లు కదలకుండా కూర్చోవాలి, అంతే. అయితే వయసు మీదపడ్డ వేళ్లు పొడిబారి ఉంటాయి, సిగ్నల్ ఓ పట్టాన అందదు. వేళ్లు తడి చేసుకుని, మోచేతులు బల్లకు ఆనించి కూర్చుంటే సరిగ్గా చివరి సెకన్లలో దగ్గు వచ్చేది. మళ్లీ మొదటి నుంచి.

అయినా మొదటి నెల ఒక్క పూట కూడా తప్పలేదు. గీతలో చిన్న వంకర కనిపిస్తే టెన్షన్, ఆ టెన్షన్‌కి గుండె వేగం, ఆ వేగం చూసి మళ్లీ టెన్షన్. ఫలితం ఏదో తేల్చకుండా ‘వర్గీకరించలేకపోయాం’ అని వచ్చిన రాత్రి నిద్రే లేదు. మా ఆవిడ ఫోన్ లాక్కుని బీరువాలో పెట్టింది.

అలా పోగైన అరవై చిల్లర రికార్డింగులు పట్టుకుని ఓపీకి వెళ్లాను. డాక్టరు గారు రెండు చూసి ‘బానే ఉన్నాయండీ’ అన్నారు. ఆయన్ను తప్పు పట్టను, బయట ఇంకా ఇరవై మంది కూర్చుని ఉన్నారు. కానీ ఇంటికొచ్చాక సాయంత్రం పూట తీసుకోవడం మానేశాను, కొన్నాళ్లకు పొద్దుటిదీ మానేశాను. ఎందుకు మానేశావని ఎవరూ అడగలేదు.

పేషెంట్లకు శ్రద్ధ ఉండదని అనడం తేలిక. హార్ట్ ఫెయిల్యూర్‌తో, అంటే గుండె రక్తాన్ని సరిపడా పంపు చేయలేని జబ్బుతో, ఆస్పత్రిలో ఉండి వచ్చిన 1,653 మంది మీద అమెరికాలో జరిగిన అధ్యయనం 2010లో వచ్చింది. అందులో సగం మంది రోజూ ఒక నంబరుకు ఫోన్ చేసి, ఆయాసం ఉందా, బరువు ఎంత అన్న ప్రశ్నలకు బటన్లు నొక్కి జవాబివ్వాలి. ఆ జవాబులను క్లినిక్ వాళ్లు చూసేవారు. కానీ రోగి చెవిన పడేది రికార్డు చేసిన గొంతు. 14 శాతం మంది ఒక్కసారి కూడా వాడలేదు. ఆరు నెలలు ముగిసే వారానికి, వారంలో కనీసం మూడుసార్లు ఫోన్ చేసేవాళ్లు 55 శాతమే మిగిలారు. మరణాలూ తగ్గలేదు, మళ్లీ ఆస్పత్రిలో చేరడాలూ తగ్గలేదు.

2018లో జర్మనీ నుంచి వచ్చిన అధ్యయనంలో అదే జబ్బు ఉన్నవాళ్లు 1,500 మందికి పైగా ఉన్నారు. వాళ్లలో సగం మంది రోజూ బరువు, బీపీ, ఈసీజీ ఇంటి నుంచి పంపాలి. అవతల రాత్రింబవళ్లు డాక్టర్లు, నర్సులు కూర్చుని చూసేవారు, తేడా కనిపిస్తే వాళ్లే ఫోన్ చేసేవారు. 97 శాతం మంది కనీసం 70 శాతం మేర క్రమం తప్పకుండా పంపారు. ఏడాదికి నూటికి 11 దాకా ఉన్న మరణాలు 8 దగ్గరికి తగ్గాయి. రోగులు వేరు, పరికరాలు వేరు కాబట్టి రెంటినీ ఒకే తక్కెడలో పెట్టలేమని ఒప్పుకుంటాను. కానీ బటన్లు నొక్కడానికి బద్ధకించేది మనిషే, ఏడాదంతా బరువు చూసుకుని పంపేదీ మనిషే.

యాపిల్ వాచీతో జరిపిన పెద్ద అధ్యయనంలో 4 లక్షలకు పైగా చేరారు. ‘మీ నాడి లయ తప్పుతోంది’ అన్న హెచ్చరిక 2,161 మందికి వెళ్లింది. తర్వాత వీడియోలో డాక్టరుతో మాట్లాడాలి, గుండె లయను రికార్డు చేసే ప్యాచ్ పోస్టులో వస్తే ఛాతీకి అంటించుకోవాలి, తీసి తిరిగి పంపాలి. పనికొచ్చే రికార్డింగుతో తిరిగొచ్చిన ప్యాచ్‌లు 450. కొందరిని డాక్టర్లే వేరే దారి పట్టించి ఉంటారు. తక్కినవాళ్లు ఒక్కో మెట్టు దగ్గర జారిపోయారు, గుండెలో తేడా ఉందని తెలిసి కూడా.

మందుల చీటీ మీద ఏ మాత్ర, ఎన్ని పూటలు, ఎన్ని రోజులు అని రాస్తారు. పరికరానికి ఎందుకు రాయరు? ఒకరికి 14 రోజుల ప్యాచ్‌తో పని అయిపోవచ్చు, ఇంకొకరికి గుండె దడ వచ్చినప్పుడు తీసుకుంటే చాలు. జీవితాంతం రోజూ అంటే ఎవరు చేస్తారు? పంపినవి ఎవరు చూస్తారు, ఎప్పటిలోగా చూస్తారు, రాత్రిపూట హెచ్చరిక వస్తే ఎవరికి ఫోన్ చేయాలి? ఇవీ ఆ చీటీలోనే ఉండాలి. దాంతోపాటు గుండెపోటును పసిగట్టడం ఈ వేళ్ల పరికరం వల్ల కాదని కూడా పెద్ద అక్షరాల్లో రాయాలి. ఛాతీలో నొప్పి మొదలైతే రేకుల మీద వేళ్లు పెట్టుకుని కూర్చోకూడదు, వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి.

పోయిన నెల వేరే క్లినిక్‌కి వెళ్లాను. అక్కడి నర్సమ్మ ‘సోమ, గురువారాలు పొద్దున, మూడు నెలలు’ అని కాగితం మీద రాసిచ్చి, తనే చూస్తానంది. సొరుగులోంచి తీసి బ్యాటరీ మార్చాను. గురువారం ఒకటి పంపాను. మర్నాడు ఫోన్ వచ్చింది. ‘చెయ్యి కదిలింది సార్, ఇంకోసారి తీసి పంపండి’ అంది. పంపాను.

ఇట్లు,
మీ పాఠకుడు