తెలుగు బోర్డుకు నమూనా తెలుగు రాతలోనే వెతకాలి

సంపాదకులకు నమస్కారం.

చెన్నైలో టిఫిన్ సెంటర్లు, పచ్చళ్ల దుకాణాలు, కొత్తగా తెరిచిన కాఫీ కొట్లు చేత్తో రాసిన బోర్డే కావాలని మళ్లీ అడుగుతున్నాయి. ఫ్లెక్సు వచ్చాక పని తగ్గిపోయిన పెయింటర్లకు ఇది మంచి కబురు. అయితే కుర్ర పెయింటర్లు నమూనా కోసం ముందు ఫోను తెరుస్తున్నారు. అక్కడ కనిపించేవి ఎక్కువగా ఇంగ్లీషు అక్షరాల ఒంపులు. వాటిని మన అక్షరాల మీద రుద్దడం వల్లే చాలా బోర్డులు చెడుతున్నాయి.

ఇంగ్లీషు అచ్చక్షరాల్లో చాలావాటికి నిలువు గీత లావు, అడ్డగీత సన్నం. వ, మ, ప ఇలా రాస్తే రెండు పక్కలా లావెక్కి లోపలి ఖాళీ పూడిపోతుంది. తలకట్టు సన్నబడి రోడ్డు అవతలికి కనిపించదు. ప తలకట్టు ఒంటికి అంటకూడదు. ఆ సందులోకి ఎనామిల్ రంగు జారిందంటే ‘పప్పుల కొట్టు’ కాస్తా ‘వప్పుల కొట్టు’ అవుతుంది. ద, ధల తేడా కింది చిన్న గీతలోనే ఉంది. చోటు చాలక అక్షరాన్ని పక్కల నుంచి నొక్కితే మొదట పోయేది ఆ గీతే.

ఈ ఊళ్లో తెలుగు నమూనాలకు కరువు లేదు. ఎగ్మూరు మ్యూజియంలో తూర్పు చాళుక్యుల తామ్రశాసనాలు చూడండి. రేకు మీద చెక్కిన గీత మొదటి నుంచి చివరిదాకా దాదాపు ఒకే మందంలో ఉంటుంది. గోడరాతకు పనికొచ్చే గుణం అది. అచ్చక్షరాల అందం కావాలంటే 1852లో మద్రాసులో అచ్చయిన బ్రౌన్ నిఘంటువు, 1854లో మొదలైన వావిళ్ల వారి ప్రచురణ సంస్థ పాత ముద్రణలు ఉన్నాయి. అసలు ప్రతి చేతికి రాకపోయినా, 1985లో మూర్ మార్కెట్ కాలిపోయాక లిల్లీ పాండ్ కాంప్లెక్సుకు మారిన పాత పుస్తకాల కొట్లలో ఆ కాలపు పోకడ ఉన్న పుటలు వెతుక్కోవచ్చు. అట్ట కాదు, లోపలి శీర్షిక పుట చూడాలి. ఆంధ్రపత్రిక ఉగాది సంచికల్లోని ప్రకటనలు, 1947 జులైలో మొదలైన చందమామ పాత సంచికల్లో కథల పేర్లు మరో గని. ఒక్కో పేరుకు ఒక్కో పోకడ. స్టీలు, ఇత్తడి గిన్నెల మీద చుక్కలతో కొట్టిన పేర్లను కూడా వదలొద్దు. ఎన్ని చుక్కలు తీసేసినా అక్షరం ఇంకా అక్షరంగానే నిలుస్తుందో అవి చూపిస్తాయి.

బాపు గారి అక్షరాల గురించి ఒక మాట. అందరూ ముందు పట్టుకునేది వాటినే, అది సహజం. కానీ ఆ రాత చేతిలో పట్టుకుని చదివే పుట కోసం పుట్టింది. పది అడుగుల బోర్డుకు దాన్ని ఉన్నదున్నట్టు పెంచితే సన్నని తోకలు దూరానికి కనపడవు. అక్షరాలు ఒకదానికొకటి ఆనుకునే ఆ పొందికను తీసుకోండి, గీత మందం మాత్రం మీరే నిర్ణయించుకోండి.

పాత బోర్డును ఫొటో తీసేటప్పుడు దాని మధ్యకు ఎదురుగా నిలబడాలి. కింది నుంచి తీస్తే పైభాగం కుంచించుకుపోయి కొలతలన్నీ తప్పుతాయి. తర్వాత ట్రేసింగ్ కాగితం వేసి అక్షరం అంచులు కాకుండా గీత నడిమధ్య వెంట పెన్సిలుతో వెళ్లాలి. ఒక చోట నుంచి ఈ నడిగీత, మరో చోట నుంచి మందం, కొసల తీరు తీసుకుంటే వచ్చేది కొత్త అక్షరం, కాపీ కాదు. ఒంటి ఎత్తులో ఏడో వంతు మందంతో మొదలుపెట్టండి. ముందు వ, ర, క, త రాసి చూడాలి. వ కుదిరితే ప, మ, ష దారిలో పడతాయి. ఆ తర్వాత ‘స్త్రీ’, ‘లక్ష్మి’ రాయాలి. వత్తులు ఎక్కువున్న ఆ మాటల్లోనే తెలుస్తుంది నమూనా బలం. కుదిరిన కాగితానికి గీత వెంట పిన్నుతో దగ్గర దగ్గరగా చిల్లులు పొడిచి, గుడ్డమూటతో పొడి అద్దితే బోర్డు మీద చుక్కలు పడతాయి. ముదురు రంగు బోర్డుకు సుద్దపొడి, లేత రంగు బోర్డుకు బొగ్గుపొడి.

చెన్నైలో మరో చిక్కు ఉంది. దుకాణం బోర్డులో తమిళం, ఇంగ్లీషు, ఇతర భాష 5:3:2 పాళ్లలో ఉండాలన్నది నిబంధన. నాలుగడుగుల ఎత్తు బోర్డులో తెలుగుకు దక్కేది 9.6 అంగుళాలు. పైనా కిందా 0.8 చొప్పున వదిలితే 8 మిగులుతాయి. గుడులకు ఒకటిన్నర, వత్తులకు రెండున్నర పోగా అక్షరం ఒంటికి 4 అంగుళాలే. అంగుళానికి పది అడుగుల లెక్కన నలభై అడుగుల దూరం దాకా సుఖంగా చదవొచ్చు. అందుకే ఇరుకు బోర్డుకు త, మ, య వత్తులను కాస్త పక్కకు జరిపే పాత చేతిరాతల్ని నమూనాగా ఎంచుకోవాలి. వత్తును చిన్నది చేస్తే పూడిపోతుంది, పక్కకు జరిపితే బతుకుతుంది. తమిళ పకారం, టకారం మూలలున్న అక్షరాలు. జత కుదరాలని మన అక్షరాలకు మూలలు తెప్పించే పని మాత్రం వద్దు. మందం, కొసలు కలిస్తే చాలు.

మీ పత్రికకు ఒక విన్నపం. మీ పాత సంచికల్లో చేత్తో రాసిన శీర్షికలు, ప్రకటనలు ఉంటే వారానికి ఒకటి ఆదివారం సంచికలో వేయండి. కుదించకుండా అసలు కొలతలో, పక్కన స్కేలు పెట్టి, ఏ సంవత్సరానిదో రాసి వేస్తే పెయింటర్లు దాని మీదే ట్రేసింగ్ కాగితం పరుచుకుంటారు. పాత బోర్డు దించేస్తున్న దుకాణదారులు దించకముందు ఎదురు నుంచి ఫొటో తీసి మీకు పంపాలని కూడా ఒక ప్రకటన వేయగలరు.

— చేతిరాత బోర్డుల పెయింటర్లు, షావుకారుపేట, చెన్నై